పదకొండు సంతకాలు

ఇప్పటికీ బ్యాంకులో గానీ పోస్టాఫీసులో గానీ కౌంటరు మీద స్టాంపు ప్యాడు మూత తీసి కనిపిస్తే, ఎవరిదో ఏమిటో చూడకుండా మూత పెట్టేస్తాను. ఒకసారి పోస్టుమాస్టరు, "ఆరిపోతుందని భయమా టీచరమ్మగారూ?" అని నవ్వాడు. అవునన్నాను. కనిపించిన ప్రతివాడికీ కథ చెప్పుకుంటూ కూర్చోలేం కదా.

ఈ కథలో నేను గెలిచింది లేదు. ముందే చెబుతున్నాను, చివర్లో న్యాయం జరుగుతుందేమోనని ఎదురుచూసేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఎనభైల మొదట్లో నేను ఇద్దరు సర్కారు ఉద్యోగుల మీద క్రిమినల్ కేసు పెట్టాను. ఒకరు మా పంచాయతీ సమితి బీడీఓ, రెండోవాడు అక్కడే మట్టి పనులు చూసే ఓవర్సీరు. పోలీసులు పెట్టిన కేసు కాదది, మేజిస్ట్రేటు కోర్టుకు పోయి నేను సొంతంగా వేసిన ఫిర్యాదు. మిషన్ బడిలో ఒకటో తరగతికి అ ఆలు దిద్దించుకునే మనిషిని. మా ఆయన పొగాకు కంపెనీలో గుమాస్తా. "కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంట" అని ఆయన మొదటిరోజే చెప్పాడు. నేను వింటే గదా.

మాది పర్చూరు వైపు నల్లరేగడి పల్లె. ఊరికి పడమట పాలెం, పాలెం నడుమ చర్చి, చర్చి పక్కన రేకుల షెడ్డులో బడి. నేను పుట్టింది ఆ పాలెంలోనే. ట్రైనింగు చదివి వచ్చి ఆ బడిలోనే చేరాను. ఆదివారం ఆరాధన అయ్యాక మగవాళ్ళు ఇళ్ళకు పోతే స్త్రీల సమాజం వాళ్ళు బడి వసారాలో కూర్చునేవాళ్ళు. సమాజానికి ఒక మినిట్సు పుస్తకం ఉండేది. ఎవరెవరు వచ్చారు, వచ్చే వారం ఎవరింట్లో ప్రార్థన, ఎవరికి ఒంట్లో బాగాలేదు, ఇవన్నీ రాసి కింద అందరిచేతా వేలిముద్రలు వేయించేది పాస్టరమ్మగారు. నాకది కంటగింపుగా ఉండేది. దేవుడి దగ్గర కూడా వేలిముద్రలేనా అని బడి పలకలు పట్టుకొచ్చి, వాళ్ళ పేర్లు వాళ్ళకు నేర్పడం మొదలుపెట్టాను.

నా పద్ధతి ఒకటే. పలక మీద పేరు పెద్దగా రాసి ఇచ్చేదాన్ని. వాళ్ళు దానిమీదే దిద్దాలి, చేతికి అలవాటయ్యేదాకా దిద్దాలి. ఒకటో తరగతి పిల్లలకైనా, మనవలున్న ఆడవాళ్ళకైనా నాకు తెలిసిన విద్య అదే. మిరపకోతల రోజుల్లో వాళ్ళ వేళ్ళు మండిపోతూ ఉండేవి. తడిగుడ్డ చుట్టుకుని బలపం పట్టుకునేవాళ్ళు. రెండేళ్ళకు పదకొండు మంది పుస్తకంలో సంతకం పెట్టే స్థితికి వచ్చారు.

ఆ పదకొండు మందిలో ఒకామె నాకు మేనత్త వరస. బడి వసారాలో నన్ను టీచరమ్మా అనేది, బయటికి రాగానే పిల్లా అనేది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. అయినా చేలో ఆమె పక్క సాలు పట్టడానికి పడుచులు జంకేవాళ్ళు. ఆమె పేరులో నాలుగక్షరాలు. మూడు తొందరగానే వచ్చాయి. నాలుగోదానికి కింద వత్తు ఉంది. అది పట్టుబడేసరికి మిరపకోతలు మొదలై అయిపోయాయి కూడా. వచ్చాక మాత్రం ఇక పట్టపగ్గాల్లేవు. బొగ్గుతో గోడమీద, సుద్దతో గాదె మీద, ఎక్కడ చూసినా ఆమె పేరే. ఇంటికి పేరు పెట్టుకున్నావా అత్తా అని ఏడిపించేవాళ్ళం.

"పెళ్ళినాడు వేలేశా. మొగుడు పోయినప్పుడు ఏందో కాయితాలంటే వేలేశా. ఇంక చచ్చినా ఎయ్యను పిల్లా" అంది ఒకసారి.

ఆ వేసవిలో, పత్తి చేలు పీకేసి, మిరప కళ్ళాలు ఎత్తేసి, పాలెంలో ఎవరికీ పనిలేని రోజుల్లో, మురుగు కాలువ పూడిక తీయించారు. పనికి ఆహారం అన్నారు. మట్టి తవ్వితే బియ్యం. మా పదకొండు మందీ పోయారు. పనేమో నెల. వచ్చిన బియ్యం పది రోజుల పనికి సరిపోయేవి, అవీ పురుగులు పట్టినవి. మిగతావి తర్వాత వస్తాయన్నారు. బియ్యం పోసే రోజున మా అత్త ముందుకు పోయి, "సంతకం యాడ పెట్టాలయ్యా?" అని అడిగిందట. తన సంతకం చూపించుకోవాలనే పోయి ఉంటుంది. ఓవర్సీరు నవ్వి, "మీ సంతకాలు ఎవడిక్కావాలే, పోండి" అన్నాడట.

మిగతా బియ్యం రాలేదు. కార్తెలు మారాయి, బియ్యం రాలేదు. నేను కలెక్టరు గారికి అర్జీ రాశాను. ఆర్నెల్లకు విచారణకని ఒక ఆఫీసరు వచ్చి మమ్మల్ని సమితి ఆఫీసుకు పిలిపించాడు. బల్లమీద మస్టరు, అంటే కూలీల హాజరు పుస్తకం, తెరిచి చూపించాడు. మావాళ్ళందరూ నెల బియ్యమూ తీసుకున్నట్టు రాసి ఉంది. ప్రతి పేరు పక్కనా ఒక వేలిముద్ర ఉంది. పదకొండు వేలిముద్రలు.

"వీళ్ళకు సంతకాలు వచ్చండీ" అన్నాను.

"వచ్చుండొచ్చమ్మా. ఇక్కడ వేలిముద్రలున్నాయి గదా" అన్నాడాయన. విచారణ అంతే.

కంచే చేను మేస్తే అంటారే, ఇక్కడ కంచె మేసి ఊరుకోలేదు, మేసింది చేనేనని రాసిపెట్టింది. ఊళ్ళో మాట పుట్టింది, పాలెం ఆడవాళ్ళు తిని మూతి కడుక్కుని మళ్ళీ అర్జీలు పెడుతున్నారని. టీ కొట్టు దగ్గర మా అత్త మొహం మీదే ఎవరో అన్నారు. ఆ రోజు ఆమె మా ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుంది.

"బియ్యం పోతే పోయినయ్యి. ఆ ఏలు నాది కాదని పెద్దోళ్ళ ముందు చెప్పాల పిల్లా. యాడ చెప్పాలో నువ్వు చూడు" అంది.

ఆమెకు కావలసింది అంతే. నేను కోర్టుకు పోయింది అందుకే. తర్వాత ఎన్ని సెక్షన్లు వచ్చి చేరినా కేసులో ఉన్నది ఆ ఒక్క మాటే.

గుంటూరు బ్రాడీపేటలో మేడమీద గదిలో ఒక లాయరు గారు ఉండేవారు. ఆయన విన్నారు, మినిట్సు పుస్తకం చూశారు, మస్టరు తేదీకి ముందూ తర్వాతా ప్రతి ఆదివారం పదకొండు సంతకాలు వరసగా ఉండటం చూశారు. "సంతకం వచ్చినవాళ్ళు వేలిముద్ర ఎందుకేస్తారు? ఇది చాలమ్మా" అన్నారు. ఫీజు తర్వాత చూద్దామన్నారు, ఎప్పటికీ చూడలేదు. మంచివాడు. మంచివాళ్ళతో ఉన్న చిక్కేమిటంటే, ఓడిపోయినా వాళ్ళను తిట్టుకోవడానికి ఉండదు.

పుస్తకం ఇవ్వడానికి సంఘపెద్దలు ఒప్పుకోలేదు. దేవుడి మందిరంలోది కోర్టు మెట్లెక్కించడమేమిటన్నారు. చివరికి పాస్టరుగారు తన పూచీ మీద ఇప్పించారు.

మొదటి ఏడాదంతా ఒకటే తగువు. సర్కారు ఉద్యోగి మీద కేసంటే సర్కారు అనుమతి ఉండాలని అవతలి లాయరు. "దొంగ వేలిముద్రలు వేయించడం వారి ఉద్యోగ ధర్మమైతే చెప్పమనండి, ఇప్పుడే అనుమతి తెచ్చుకుంటాం" అన్నారు మా లాయరు గారు. కోర్టులో అందరూ నవ్వారు. మేజిస్ట్రేటు గారు కూడా నవ్వి వాయిదా వేశారు. రెండో ఏడాది అసలు మస్టరు తెమ్మంటే, సమితి ఆఫీసులో చెదలు తినేశాయని రాసి పంపారు. అది ఉంటే వేలిముద్రల నిపుణుడు ఒక్క పూటలో తేల్చేసేవాడు. చెదలకు కూడా ఏ కాగితం రుచిగా ఉంటుందో తెలుసు. మిగిలింది ఆఫీసువాళ్ళు రాసిచ్చిన నకలు. అందులో ముద్రలుండవు, పేరు పక్కన "వేలిముద్ర" అనే మాట రాసి ఉంటుంది, అంతే. ఇక కేసంతా మావాళ్ళకు సంతకం వచ్చా రాదా అన్నదానిమీదే నిలబడింది.

మా ఊరి నుంచి పర్చూరుకు ఒక బస్సు, అక్కడినుంచి కోర్టుకు ఇంకోటి. మిరపకోతల్లో ఒక వాయిదాకు పోతే ఒక రోజు కూలి పోయినట్టే. ఇద్దరు మానేశారు. చేల ఆసాములు పనికి రావద్దన్నారని ముగ్గురు మానేశారు. ఒకామెకు పక్కా ఇల్లు వస్తుందని ఎవరో ఆశ పెట్టారు. ఇల్లూ రాలేదు, ఆమె కూడా మళ్ళీ రాలేదు. రెండు కుటుంబాలు దర్శి వైపు పనులకు వలసపోయాయి. ఇద్దరికి జబ్బు చేసింది, అందులో ఒకామె పోయింది. నా బడికి ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చేవాడు, ఆ రెండేళ్ళూ నెలకోసారి వచ్చి పిల్లల తలలు లెక్కపెట్టాడు. జీతం నాలుగు నెలలు ఆగింది. మా ఆయన ఏమీ అనలేదు. అంటే బాగుండేదనిపించేది.

మూడో ఏడాదికి నా సాక్షుల్లో మా అత్త ఒక్కతే మిగిలింది.

ఆమె వాంగ్మూలం రోజు దగ్గర పడ్డాక లాయరు గారు నన్ను పక్కకు పిలిచారు. "సాక్షి చెప్పిందంతా రాసుకున్నాక, కింద ఆమెచేత సంతకం పెట్టిస్తారు. మేజిస్ట్రేటు గారి కళ్ళముందే పెడుతుంది. మన కేసు అక్కడే గెలుస్తాం. ఈ సంగతి మాత్రం ఆవిడకు ముందే చెప్పకండి, కంగారుపడితే చెయ్యి వణుకుతుంది. మామూలుగా అడిగితే మామూలుగా పెట్టేస్తుంది" అన్నారు. సబబుగానే ఉందనిపించింది.

ఆ పొద్దున బస్సులో అత్త నా చెయ్యి వదల్లేదు. చలువ చేసిన తెల్లచీర కట్టింది, చర్చికి కట్టేది.

"ఆడ ఏం చెయ్యాల్నో ఏందో పిల్లా. తప్పు చేస్తానేమో" అంది.

"ఏం లేదత్తా. అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పు. మిగతాదంతా వాళ్ళెట్టా చెయ్యమంటే అట్టా చెయ్యి. ఎదురు మాట్లాడబాక" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఇన్నేళ్ళలో దాన్ని ఎన్నిసార్లు వెనక్కి తీసుకుందామనుకున్నానో నాకే తెలుసు.

బోనులో ఆమె బాగా నిలబడింది. ఇంత బాగా చెబుతుందని నేను కూడా అనుకోలేదు. అవతలి లాయరు "నీకు చదువొచ్చా?" అన్నాడు.

"రాదు."

"మరి సంతకం వచ్చంటావేం?"

"నా పేరొచ్చు. పేరు నాదే గదయ్యా, రాదా మరి?"

"ఆ టీచరు నేర్పినట్టు చెబుతున్నావు నువ్వు."

"ఆ పిల్లకి నడక నేర్పింది నేను. నాకామె ఏం నేర్పుద్ది?" అని, నావైపు చూసి, "పేరొకటి నేర్పింది" అంది.

"ఆ మస్టరులో వేలు నీది కాదా?"

"కాదు. నేను ఏలెయ్యడం మానేసి నాలుగేళ్ళయింది. ఆ ఏలు నాది కాదు."

వచ్చిన పని అయిపోయింది. ఆమె చెప్పాలనుకున్నది పెద్దవాళ్ళ ముందు చెప్పేసింది. తలుపు దగ్గర నిలబడ్డ నాకు ఏడుపొచ్చింది. మా లాయరు గారు కూర్చుని ఏదో రాసుకుంటున్నారు. మేజిస్ట్రేటు గారు పక్క కట్ట విప్పుతున్నారు. బెంచి గుమాస్తా వాంగ్మూలం గడగడా చదివాడు, కాగితాలు సర్దాడు, తలెత్తి అత్త వైపు చూశాడు. ఆ చేతులు, ఆ చెవులకున్న ఇత్తడి పోగులు చూశాడు. సొరుగు లాగి స్టాంపు ప్యాడు తీసి మూత తెరిచాడు.

"చెయ్యి ఇట్టా ఇవ్వమ్మా" అన్నాడు.

"అత్తా" అని అరిచాను. బంట్రోతు ఉష్ అన్నాడు. ఆమె నావైపు తిరిగి చూస్తూనే చెయ్యి ఇచ్చింది. ఆ గుమాస్తా ఆమె కుడి బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద దొర్లించి, ఒక్కో కాగితం కిందా ఒత్తాడు. మూడు కాగితాలు. తుమ్మినంతసేపు కూడా పట్టలేదు.

అతనికి ఎవరూ లంచం ఇవ్వలేదు. నేను వాకబు చేశాను, ఆ గుమాస్తా అలాంటివాడు కాదని లాయరు గారు కూడా అన్నారు. పొద్దున్నుంచీ పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ళందరి దగ్గరా తీసుకున్నట్టే తీసుకున్నాడు. ఓవర్సీరు కూడా మమ్మల్ని అలాగే చూసి అలాగే రాసుకున్నాడు. ఆ ఓవర్సీరుకూ బీడీఓకూ జైలు వేయమని మూడేళ్ళు తిరిగితే, కోర్టు బల్ల వెనక కూడా అదే చూపు కూర్చుని ఉంది. దానిమీద ఏ సెక్షను కింద ఫిర్యాదు వేయను?

అవతలి లాయరు లేచాడు. కొత్తగా వాదించడానికి ఏమీ లేనంత తేలిగ్గా, "సాక్షి వేలిముద్ర వేసిందని రికార్డు చేయమని ప్రార్థన" అన్నాడు. మా లాయరు గారు అప్పుడు తలెత్తారు. ఆమె చేత ఇప్పుడే సంతకం పెట్టించమని అడిగారు, బతిమిలాడారు. మేజిస్ట్రేటు గారు సరేనని తెల్లకాగితం ఇప్పించారు. కోర్టంతా ఆమె చేతినే చూస్తోంది. వేలినిండా సిరా. కలం జారింది, మళ్ళీ పట్టుకుంది. మూడక్షరాలు వచ్చాయి. నాలుగోది రాలేదు. కలం అక్కడే పెట్టి చాలాసేపు చూసింది, రాలేదు. ఆ వత్తు కోసం ఒక పంటకాలమంతా కూర్చోబెట్టింది నేనే.

ఇక పుస్తకం. అవతలివాళ్ళు ఆ సంతకాలన్నీ ఒకే చేతివంటున్నారు. మేజిస్ట్రేటు గారు అద్దాలు సవరించుకుని చూశారు. నేను కూడా ఆ రోజే అలా చూశాను. పదకొండు మందివీ ఒకే రకం గుండ్రాలు, ఒకే రకం తలకట్లు, కొమ్ములు చివర ఒకేలా పైకి లేచి ఉన్నాయి. నా పలకమీద దిద్దినవాళ్ళు నాలాగ కాక ఇంకెవరిలాగ రాస్తారు? అవి నేనే రాసి తెచ్చానన్నారు. నా సంతకం పక్కన పెట్టి చూస్తే, నాకే అనుమానం వచ్చేలా ఉన్నాయి.

నెల తిరక్కుండా ఇద్దరినీ వదిలేశారు. ఫిర్యాదీ తెచ్చిన సాక్షి కోర్టు ముందే వేలిముద్ర వేసినందున, సంతకం రాదని తేలినందున, అని ఉంది ఆ కాగితంలో. పై కోర్టుకు పోదామన్నారు లాయరు గారు. ఎవరిని వెంటపెట్టుకుని పోను? పుస్తకం తిరిగి ఇప్పించమని రెండుసార్లు అర్జీ పెట్టాను. రికార్డు రూములో ఉందన్నారు. ఉండే ఉంటుంది, చెదలు అక్కడికీ పోకపోతే.

వాంగ్మూలం రోజు సాయంత్రం బస్టాండులో మేమిద్దరం బస్సు కోసం నిలబడ్డాం. అత్త బొటనవేలిని చీర కొంగుకేసి తుడుస్తూనే ఉంది, ఆ తెల్లచీర కొంగంతా ఊదా మరకలయింది. బస్సు వచ్చేముందు నెమ్మదిగా అంది.

"పేరు రాయమంటే రాసేదాన్నే పిల్లా. ఆయన ఏలడిగాడు. నువ్వేమో ఆళ్ళెట్టా చెయ్యమంటే అట్టా చెయ్యమన్నావు."

నామీద నేరం మోపలేదు. తను తప్పు చేయలేదని నాకు చెప్పుకుంటోంది. నన్ను తిట్టి ఉంటే ఆమె కాళ్ళు పట్టుకునేదాన్ని. తిట్టలేదు గనక ఊరికే నిలబడ్డాను.

తీర్పు వచ్చాక రెండు ఆదివారాలు ఆమె చర్చికి రాలేదు. మూడో ఆదివారం వచ్చింది. సమాజానికి కొత్త మినిట్సు పుస్తకం కొన్నాం. వచ్చినవాళ్ళ పేర్లు రాసి, వరసగా అందరిచేతా సంతకాలు పెట్టించుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి కలం చాపాను. ఆమె తీసుకోలేదు.

"పెట్టత్తా" అన్నాను.

"సంతకం ఎందుకులే టీచరమ్మా. నాది ఏలేనని కోర్టు తేల్చింది గదా" అంది.

ఎగతాళిగా అనలేదు, కోపంగానూ అనలేదు. కోర్టువాళ్ళు చదువుకున్నవాళ్ళు, వాళ్ళకు తెలుసు అన్నట్టు అంది. బయట పిల్లా అని పిలిచే మనిషి, ఆ రోజు నుంచి బయట కూడా నన్ను టీచరమ్మా అనే పిలిచింది. ఆమె ఇంటి గోడమీది బొగ్గు అక్షరాల మీద ఆ ఏడు క్రిస్మస్‌కి సున్నం వేసింది, మళ్ళీ రాయలేదు. నేను ఎంత చెప్పినా, ఎంత ఏడ్చినా కలం ముట్టలేదు.

పుస్తకంలో ఆమె వంతు ఖాళీగా వదలకూడదు కదా. పర్చూరులో ఒక స్టాంపు ప్యాడు కొనుక్కొచ్చాను. తర్వాత ఆరేళ్ళు బతికింది. ఆ ఆరేళ్ళూ ప్రతి ఆదివారం ఆమె బొటనవేలు పట్టుకుని ఒత్తించిందీ, పక్కన ఆమె పేరు రాసి "వేలిముద్ర" అని రాసిందీ నేనే.